ఆదెప్ప మండీకి ఒక మార్కు

నేను పిరికివాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత మీరు కనిపెట్టే శ్రమ తప్పుతుంది. కుక్క మొరిగితే వీధి మారతాను. బస్సు కనుమ ఎక్కితే కళ్ళు మూసుకుంటాను. పోలీసు టైమెంతయిందని అడిగినా నేనేం తప్పు చేశానా అని వెతుక్కుంటాను. నా భార్య మసూదా అలాంటిది కాదు. ఇంట్లో తేలు కనిపిస్తే నేను మంచమెక్కుతాను, ఆమె చెప్పు అందుకుంటుంది.

మదనపల్లె బస్టాండు వెనక వీధిలో మాకొక చిన్న ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, సీసం అక్షరాలు నింపిన చెక్క కేసులు నాలుగు. మసూదా అక్షరాలు కూర్చేది, నేను మిషను తొక్కేవాణ్ణి. పెళ్ళిపత్రికలు, బిల్లుపుస్తకాలు, సినిమా కరపత్రాలు అన్నీ వేసేవాళ్ళం గానీ మాకు పేరొచ్చింది మార్కుల వల్ల. ఇప్పుడు లోగో అంటున్నారే, అప్పుడు దాన్ని మార్కు అనేవాళ్ళం. బొమ్మ కావాలంటే మిగతా ప్రెస్సులవాళ్ళు బెంగళూరు నుంచో మద్రాసు నుంచో బ్లాకు తెప్పించుకోవాలి. నేను టేకు చెక్క మీద నా ఉలితో నేనే చెక్కేవాణ్ణి. వాల్మీకిపురం బెల్లం వ్యాపారి ఏనుగు నాదే, నిమ్మనపల్లె నూనె మిల్లు జంట చిలకలు నావే. ఆ చిలకల్ని చూసి ఒకాయన జామపండు పెట్టబోయాడని నేను చెప్పుకుంటుంటే మసూదా నవ్వేది. అది అబద్ధమని ఆమెకు తెలుసు.

1978 చివర్లో ఆదెప్ప వచ్చాడు. పుంగనూరులో చింతపండు మండీ ఆయనది. యాభై దాటిన మనిషి, చెవులకు ఎర్రరాళ్ళ కమ్మలు, నవ్వితే భుజాలు కూడా నవ్వేవి. కుప్పంలో ఇంకో మండీ తెరవబోతున్నాడు, మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నాడు. దానికి విజిటింగ్ కార్డులు కావాలి, కార్డు మీద మార్కు కావాలి. నెమలి గీసి చూపించాను. శంఖం గీసి చూపించాను. రెండింటికీ పెదవి విరిచాడు.

"నెమలి యాల బాబ్జానూ? నెమలి అందరికీ ఉండాది. శంఖం ఊదుబత్తీలోనికి ఉండాది. ఎవురికీ లేనిది కావాల నాకు. సూసినోడు సచ్చేదాకా మర్సిపోగూడదు."

ఎవరికీ లేనిది కావాలని అనడం సులభం. ఆ మాట అన్నవాళ్ళు ఇంటికెళ్ళి హాయిగా భోంచేస్తారు, గీసేవాడి ప్రాణం మీదికి వస్తుంది. అగ్గిపెట్టెలు, బీడీకట్టల కాగితాలు, మందుసీసాల చీట్లు ముందర పోగేసుకుని కూర్చున్నాను. సింహం, గుర్రం, చంద్రుడు, తామరపువ్వు, పైవాడు పుట్టించినవన్నీ ఎవడో ఒకడు ముందే కొట్టేశాడు. చీరల అంచులు చూశాను. మసూదా చేతుల మీది గోరింటాకు చూశాను. చింతచెట్టు ఒకటి గీస్తే అది క్యాబేజీలా వచ్చింది. రెండు వారాలు బుర్ర గోక్కుని, చివరికి ఆ క్యాబేజీనే కాస్త సరిదిద్ది ఆదెప్పకు చూపిద్దామని ఒకరోజు పుంగనూరుకు మొదటి బస్సెక్కాను.

అది ధనుర్మాసం. బస్సు దిగి నడుస్తుంటే ప్రతి వాకిట్లోనూ తెల్లవారుజామున వేసిన కొత్త ముగ్గులు. మా ఇళ్ళ ముందర ముగ్గులుండవు. అందుకేనేమో చిన్నప్పటినుంచీ నాకు వాటి మీద ఆశ ఎక్కువ. ఇంటివాళ్ళు తొక్కుకుంటూ పోతారు, నేను ఆగి చూస్తాను. ఆదెప్ప ఇంటికి రెండు వీధులు ఇవతల, మూడు దారులు కలిసేచోట, నట్టనడి రోడ్డు మీద ఉంది ఆ ముగ్గు.

చుక్కలు లేవు. ఒకే గీత. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా తిరిగి తిరిగి ఎనిమిది చేతులుగా విడిపోయింది. ప్రతి చెయ్యీ కొసన చింతకాయలా ఒంపు తిరిగి ఉంది. ఎనిమిదీ ఎడమ పక్కకే వంగడంతో ముగ్గు మొత్తం తిరుగుతున్నట్టు అనిపించింది. మధ్యలో అరచెయ్యంత గుండ్రటి ఖాళీ. అక్కడక్కడా పసుపు, ఎరుపు చల్లి ఉన్నాయి. పండగ నెల కదా, రంగులు అద్దారనుకున్నాను. నా ఒళ్ళు జలదరించింది, సంతోషంతోనే. చింతకాయలు ఎనిమిది, మధ్యలో ఆదెప్ప పేరు పెట్టుకోవడానికి జాగా! ఎవరో నాకోసమే కూర్చుని గీసిపెట్టినట్టుంది.

అక్కడే గొంతుక్కూర్చుని నోటుపుస్తకంలోకి దించుకున్నాను. దగ్గరగా చూడాలని ఒక కాలు ముగ్గు లోపల కూడా పెట్టాను. వచ్చేపోయేవాళ్ళు నన్ను చూసి గోడవారగా తప్పుకుని పోయారు. కళాకారుడంటే పుంగనూరులో ఎంత గౌరవం అనుకున్నాను. ఒక ముసలామె మాత్రం అరుగు మీంచి కేకలేసింది.

"లెయ్యప్పా! లెయ్, లెయ్! ఆడ కూసోగూడదు!"

"తొక్కల్లేదమ్మా. రొంతసేపే" అన్నాను.

ఆమె చెంపలు వేసుకుంటూ లోపలికెళ్ళి తలుపు మూసుకుంది. తను వేసిన ముగ్గు చెరిగిపోతుందని కోపమేమో అనుకున్నాను.

ఆదెప్పను కలవకుండానే తిరుగు బస్సెక్కాను. పెన్సిలు గీత చూస్తే పెదవి విరవడం ఆయనకు అలవాటు. ఈసారి గీసి చూపించను, అచ్చు వేసే చూపిస్తానని నిశ్చయించుకున్నాను.

"సూపించకుండా ఐదునూర్ల కార్డులు ఏసేస్తావా?" అంది మసూదా. ఇంట్లో మేము మాట్లాడుకునేది ఉర్దూలోనే, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"దీన్ని కాదన్నాడంటే ఇంక నేను ఉలి పట్టనే పట్టను" అన్నాను.

బ్లాకు చెక్కేవాడు బొమ్మను తిరగేసి చెక్కాలి. చెక్కమీద కుడివైపు ఉన్నది కాగితం మీద ఎడమవైపు పడుతుంది. చిలకలకూ ఏనుగులకూ అయితే ఆ జాగ్రత్త తీసుకుంటాను. ముగ్గుకు కుడేమిటి, ఎడమేమిటి అనుకుని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చెక్కేశాను. మధ్య ఖాళీలో చిన్న రంధ్రం తొలిచి, కేసులోంచి లావుపాటి 'ఆ' తెచ్చి బిగించాను. మార్కు కుంకుమ రంగులో, పేరూ ఊరూ నలుపులో వేశాను. అచ్చులో చేతులన్నీ కుడిపక్కకు తిరిగాయి. అయినా అందానికేమీ తక్కువ కాలేదు. మసూదా ఒక కార్డు తీసి వెలుతురులో పెట్టి చూసి, "ఇది బాగుండాది" అంది. ఆమె నోట ఆ మాట రావడం అరుదు.

మండీ తెరిచే రోజు పొద్దున కార్డుల కట్ట చంకలో పెట్టుకుని కుప్పం చేరాను. మామిడాకుల తోరణాలు కట్టారు. చింతపండు పులుపు వాసన వీధి మొదట్లోనే ముక్కుకు తగిలింది. ఆదెప్ప పట్టుపంచె కట్టుకుని, వచ్చినవాళ్ళకు తన చేత్తోనే తాంబూలం ఇస్తున్నాడు. నన్ను చూడగానే, "ఇంతసేపా బాబ్జానూ? తియ్ బిరీన, అందరికీ పంచుదాం" అని కట్ట లాక్కున్నాడు. కాగితం చించి పైకార్డు చూశాడు.

ముఖంలో నెత్తురు చుక్క లేకపోవడమంటే ఏమిటో నేనప్పుడు చూశాను. కార్డు పట్టుకున్న చెయ్యి నిప్పు పట్టుకున్నట్టు ఒంటికి దూరంగా చాచాడు. తర్వాత కట్టంతా పంచె చెరుగులో చుట్టి, రెండో చేత్తో నా రెక్క పట్టుకుని వెనక గోడౌన్లోకి ఈడ్చుకెళ్ళి గడియ పెట్టాడు. లోపల చింతపండు బస్తాల మధ్య మసక చీకటి.

"ఎవురు పంపినారు నిన్ను?"

"ఎవురూ లేదన్నా. కార్డులు మీరే గదా సెప్పింది."

"రత్నమ్మ గదా పంపింది? సెప్పు. ఈ ముగ్గు యాడ పట్టుకున్యావు?"

"మీ ఊర్లోనే అన్నా. మూడు దార్లు కలిసేకాడ. బాగుండాదని రాసుకున్యా."

"తిప్పినావు" అన్నాడు. ఆ గొంతు కీచుగా వచ్చింది. "ఎడమకు తిరిగేదాన్ని కుడికి తిప్పినావు. ఆమె పేరు పెట్టిన సోట నా పేరు పెట్టినావు. ఐదునూర్లు ఏసినావు గదరా, ఐదునూర్లు!"

అప్పుడు సగం, తర్వాత వాళ్ళ నోటా వీళ్ళ నోటా విని సగం అర్థమయింది నాకు. రత్నమ్మ అంటే ఆదెప్ప తమ్ముడి భార్య. ఆ తమ్ముడు చనిపోయాడు. పుంగనూరు మండీలో తన మొగుడి వాటా అడుగుతోందని విన్నాను. నేను చూసింది పండగ ముగ్గు కాదు. రత్నమ్మ ఇంటికి పోయే దారిలో, ఆమె ప్రాణం పోవాలని ఆదెప్ప ఎవరో మంత్రగాణ్ణి పిలిపించి వేయించిన చేతబడి ముగ్గు. మధ్యలో ఆమె పేరు రాసిన ఆకు పెట్టించాడు. ఆ ఆకు గాలికి ఎగిరిపోయినట్టుంది. ఆ ఖాళీని చూసి నేను మురిసిపోయాను. అందులో వేయించినవాడి పేరే తెచ్చి బిగించాను. పైగా తిరగేసి అచ్చు వేశాను. ముగ్గును తిప్పితే చేతబడి వేయించినవాడికే తగులుతుందని ఆయన నమ్మకం.

"నాకేమీ తెల్దన్నా, అల్లా మీద ఒట్టు" అన్నాను.

ఆయన వినలేదు. బస్తాలకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుని నన్ను చూశాడు. అలాంటి చూపు నాకు కొత్త. పోలీసుల్ని, కుక్కల్ని, పెద్ద వ్యాపారస్తుల్ని నేను అలా చూసేవాణ్ణి గానీ నన్ను ఎవరూ అలా చూడలేదు. గడియ తీసుకుని బస్టాండుకు పరిగెత్తాను.

ఇంటికొచ్చి చెబితే మసూదా నెత్తి కొట్టుకుంది.

"మూడు దార్ల ముగ్గు తెల్దా నీకు?"

ఎందుకు తెలియదు? నిమ్మకాయా కోడి ఈకా కనిపిస్తే నేను ఆ వీధిలోకే పోను. అక్కడ నిమ్మకాయ లేదు. ఏ మేకో తినిపోయిందని నాకెలా తెలుస్తుంది? అదీగాక అందమైనది కనిపించినప్పుడు నాలాంటివాడికి భయం గుర్తుకు రాదు. నా జీవితంలో భయం గుర్తుకు రాని పొద్దు అదొక్కటే, దానికి ఇంత పని జరిగింది.

మసూదాకు చెప్పలేదు గానీ నేను అసలు దేనికి భయపడుతున్నానో నాకు తెలుసు. మా నాయన దగ్గరికి ఒకతను వచ్చేవాడు. మాట్లాడితే మాటకంటే గాలి ఎక్కువ వచ్చేది. ముందుపళ్ళు పైన నాలుగు, కింద నాలుగు లేవు. చేతబడి చేస్తున్నాడని పల్లెవాళ్ళు పట్టుకుని, మంత్రం సరిగ్గా పలకకుండా ఊడబీకారట. అతను చేశాడో లేదో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళు కూడా లేరు. కుప్పం నుంచి వచ్చిన రోజునుంచి నేను అన్నం తింటుంటే ప్రతి ముద్దా ముందుపళ్ళకు తగులుతున్నట్టే ఉండేది.

నాలుగు రోజులు ప్రెస్సు తలుపు సగమే తెరిచాం. ఐదోరోజు పొద్దున తలుపు ముందర కారు ఆగింది. దిగినవాడు ఆదెప్ప బావమరిది చెంగయ్య. బాగా పొడుగు మనిషి. చొక్కా జేబులోంచి కటింగ్ ప్లేయరు ఎర్ర పిడులు కనిపిస్తున్నాయి. మోటార్లు బాగుచేస్తాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆ పొద్దు మాత్రం నాకు ఆ పిడులు తప్ప మనిషి కనిపించలేదు.

"మా బావ అన్నం ముట్టి నాలుగు దినాలాయె. కుడిసెయ్యి లెయ్యడంల్యా. ఆస్పత్రిలో సూసి ఏమీ లేదన్యారు. తిప్పినోడే తియ్యాల అంటాండాడు. రాప్పా" అన్నాడు.

"నేనేమీ సెయ్యలేదన్నా."

"సేసినావని మేమంటే గదా సెయ్యలేదనాల నువ్వు? తియ్యమంటాండాం. అంతే." కాస్త వంగి నా ముఖంలోకి చూసి నవ్వాడు. "పళ్ళు బాగుండాయే నీకు."

మసూదా మధ్యలోకి వచ్చింది. తనూ వస్తానంది. చెంగయ్య ఒప్పుకోలేదు. ఆమె లోపలికెళ్ళి ఆ బ్లాకూ నా ఉలీ తెచ్చి సంచిలో వేసి, "నిజమే సెప్పు. సెప్పి దీన్ని వాళ్ళ ముందరే పగలగొట్టి రా" అంది ఉర్దూలో. నేను తలూపాను. నిజం చెప్పడమంత సులభమైన పని ఇంకోటి లేదని ఆమెకు ఎప్పుడూ అనిపిస్తుంది.

పుంగనూరు ఇంట్లో ఆదెప్పను చూసి నేను గుర్తుపట్టలేదు. ఐదురోజుల్లో మనిషి సగమయ్యాడు. మంచం చుట్టూ వేపమండలు కట్టారు. గడపలో ఆయన భార్య ఈశ్వరమ్మ నిలబడి ఉంది. నేను లోపలికి వస్తుంటే నా నీడ తగలకుండా గోడకు అతుక్కుపోయింది. చెంగయ్య తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"అన్నా" అన్నాను, "ఇది నా పొరపాటు. బ్లాకును తిరగేసి సెక్కాల. నేను పట్టించుకోలేదు. అందుకే ఇట్ల పడింది. దీంట్లో ఇంకేమీ లేదు."

ఆదెప్ప కళ్ళు మూసుకున్నాడు. కంటి కొసలనుంచి నీళ్ళు కారాయి.

"తియ్యడంట. నన్ను సంపేదాకా తియ్యడంట" అన్నాడు మెల్లగా.

చెంగయ్య జేబులోంచి కటింగ్ ప్లేయరు తీసి పక్కనున్న కిటికీలో పెట్టాడు. నా నాలుక దానంతట అదే ముందుపళ్ళ మీద ఒక చుట్టు తిరిగింది.

"సరే. తీస్తా. చెంబుతో నీళ్ళు ఇయ్యండి" అన్నాను.

ఏం చెయ్యాలో నాకు తెలియదు. బ్లాకు ఒళ్ళో పెట్టుకుని ఉలితో ఒక్కో చెయ్యీ చెక్కేయడం మొదలుపెట్టాను. చేతులు ఎంత వణికాయంటే రెండుసార్లు వేలు తెగింది. ఆ నెత్తురు చూసి ఈశ్వరమ్మ దణ్ణం పెట్టుకుంది. నోట్లో ఏదో ఒకటి అనాలి కదా. అల్లా పేరు ఎత్తడానికి నోరు రాలేదు, అంత పాపం నావల్ల కాదు. నాకు నోటికి వచ్చింది మసూదా అక్షరాల కేసులో ఏ గడిలో ఏముందన్నది ఒక్కటే. పైవరస గళ్ళనుంచి పెదవుల మధ్యే చదివాను. క, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం, సున్న, కామా, ఫుల్‌స్టాపు. ఎనిమిది చేతులూ పోయాక 'ఆ' అక్షరం ఊడబెరికి చెంబులో వేశాను. ఆ నీళ్ళు గ్లాసులోకి వంచి ఆయన ముందు పట్టాను.

ఆదెప్ప కుడిచెయ్యి లేచింది. గ్లాసు అందుకుని గడగడా తాగాడు. "అమ్మా" అని పెద్దగా నిట్టూర్చి, భార్య వైపు తిరిగి, "రొంత చారన్నం కలుపు" అన్నాడు.

ఇంట్లోవాళ్ళంతా ఒక్కసారిగా ఏడ్చారు. చెంగయ్య లేచి నిలబడి నాకు దణ్ణం పెట్టాడు. ఆ చెయ్యి లేవడం చూసి ఆ గదిలో అందరికంటే ఎక్కువ భయపడింది నేనే. వాళ్ళకు తెలియనిది నాకు తెలుసు, అందులో ఏమీ లేదని. ఏమీ లేనిదానికి చెయ్యెలా లేచింది?

మసూదాకు అంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. అదే నచ్చలేదు నాకు. "నిజం సెప్పి రమ్మంటే అబద్ధం సేసి వచ్చినావు. ఇంక ఇది మన్ని యాడికీ పోనీదు" అని మాత్రం అంది.

ఆమె అన్నట్టే అయింది. ఆదెప్ప లేచి తిరుగుతున్నాడన్న వార్త బస్సులకంటే ముందు మదనపల్లెకు వచ్చింది. మా వీధి చివర టీకొట్టులో నాకోసం ఒక గ్లాసు విడిగా పెట్టారు. నేను ఎదురైతే ఆడవాళ్ళు పిల్లల తలమీద చెయ్యి వేసి పక్కకు లాక్కునేవాళ్ళు. మూడు పెళ్ళిపత్రికల ఆర్డర్లు వెనక్కి పోయాయి. పెళ్ళికూతురి పేరు నా చేతిమీదుగా అచ్చు కావడం వాళ్ళకు ఇష్టం లేదు. నాకేమీ తెలియదని మొదట్లో ప్రతివాడితోనూ చెప్పేవాణ్ణి. ఎంత చెబితే అంత వినయంగా తలలూపేవాళ్ళు. రేపు ఎవరింట్లోనైనా గొడ్డు చచ్చిపోతే వాళ్ళు ఎవరి దగ్గరికి వస్తారో నాకు తెలుసు.

నెలరోజుల తర్వాత ఒక మధ్యాహ్నం మిషనుకు నూనె పెడుతుంటే ప్రెస్సు ముందర ఎవరో నిలబడ్డారు. నలభై ఏళ్ళ ఆడమనిషి. కొంగు ఒళ్ళంతా కప్పుకుంది. ఎముకలకు చర్మం చుట్టినట్టున్నాయి చేతులు. మసూదా లోపలికి రమ్మన్నా గడప దాటలేదు.

"సామీ, నాపేరు రత్నమ్మ. పుంగనూరు. ఆదెప్ప మరదల్ని."

నా చేతిలో నూనె డబ్బా జారింది.

"ఆ పొద్దు మా సందు మొగదాల ముగ్గు నేనే మొదట సూసినా సామీ. ఆకు మింద నా పేరుండాది. నాకు సదువొచ్చు. అప్పణ్ణుంచి నిద్ర లేదు. తిన్నది ఇమడదు. ఆ దారి తొక్కలేక సేన్లలో పడి సుట్టు తిరిగి పోతాండా. మీరు తీస్తారని సెప్పినారు."

సంతోషం కాదు గానీ నాకు అలాంటిదేదో కలిగింది. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి మనిషి నాకు దొరకదు. ఆమెకు నా మీద ఏ పగా లేదు, ఆమె వెనక కటింగ్ ప్లేయరు లేదు. గడప దగ్గర కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. క్యాబేజీ సంగతి చెప్పాను, బ్లాకు తిరగేయకుండా చెక్కిన సంగతి చెప్పాను, ఆదెప్ప ముందర అక్షరాల కేసు వల్లించిన సంగతి కూడా దాచలేదు.

"అది ఉత్త ముగ్గమ్మా. నేను దాంట్లో కాలు పెట్టినా. ఐదునూర్లు ఏసినా. నాకేమాయె?"

"మీకేమైతాది సామీ" అంది ఆమె. "మీరు తెలిసినోళ్ళు."

"తెలిసినోణ్ణి కాదమ్మా! నమ్ము!"

"మా బావకు తీసినారు. నాకు యాల తియ్యరు? ఆయనకు లేని పాపం నాకేముండాది?" ఆమె కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆమె మెల్లగా లేచి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుని, "పోయొస్తా సామీ. నా ఆయుస్సు అంతే అనుకుంటా" అంది.

ఆ మనిషి నిజంగానే అంతే అనుకుంటుందని నాకు తెలిసిపోయింది. ఆ చేతులు చూస్తే ఇంకెన్నాళ్ళో కూడా చెప్పొచ్చు. మసూదా వైపు చూశాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఆగమ్మా" అన్నాను. "మసూదా, చెంబుతో నీళ్ళు ఇయ్యి."

మసూదా తెచ్చి నా చేతిలో కుక్కినట్టు పెట్టింది.

చెక్కేయడానికి ఈసారి బ్లాకు లేదు. ప్రెస్సు బండల మీద వేలు నీళ్ళలో ముంచి ఆ ముగ్గు వేశాను. వేలు ఎత్తకుండా ఒకే గీతగా. చింతకాయ కొసలు ఎనిమిదీ ఎడమకు తిప్పాను. రత్నమ్మ ముఖం చేతుల్లో దాచుకుంది. ఒక్కో చెయ్యీ అరచేత్తో తుడుచుకుంటూ వచ్చాను. అక్షరాల కేసే చదివాను, కానీ ఈసారి గొంతు బయటికి వచ్చింది, లోతుగా, నాది కానట్టు. నాలుగో చెయ్యి తుడిచాక ఆగి, ఆమె పేరు మూడుసార్లు పిలవాలని తోచింది. పిలిచాను. ఏడోదాని దగ్గర నీళ్ళు ఆమె నెత్తిన చల్లాలని తోచింది. చల్లాను. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. ఒక్క మార్కు కోసం రెండు వారాలు బుర్ర గోక్కున్నవాడికి ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే వచ్చాయి. బాగా వస్తోందని కూడా అనిపించింది. మొదటినుంచి చివరిదాకా నా చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు.

రత్నమ్మ ముఖం మీంచి చేతులు తీసింది. బండలు ఆరిపోతున్నాయి. ఆమె నేల చూసింది, నన్ను చూసింది. పొడుగ్గా ఒక ఊపిరి వదిలి, సిగ్గుపడుతూ మసూదాను అడిగింది.

"ఏమన్నా తినేదానికి ఉండాదా అక్కా?"

మసూదా రొట్టె పెట్టింది. రెండు రొట్టెలు తింది. పోయేటప్పుడు నాకు వీపు చూపకుండా వెనక్కి వెనక్కి నడిచి మెట్లు దిగింది.

నాకు నోరంతా ఎండిపోయింది. మిషను పక్కన స్టూలు మీద కూలబడి, మసూదాను తాగడానికి నీళ్ళు అడిగాను. ఆ రోజు జరిగినదంతా అబద్ధమని నాతోపాటు తెలిసిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. చెంబు నింపుకుని వచ్చింది. నేను చెయ్యి చాచాను. మసూదా చెంబు నా చేతికి ఇవ్వలేదు. రెండడుగుల దూరంలో నేలమీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది.